పాఠశాల విడిచిన పిమ్మట ఏ దారి?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన శుభదినమున పుస్తకముల మహిమను కొనియాడుట ఆచారము. ఈ ఉపన్యాసమునకు విషయము మాత్రము వేరు. పుస్తకము పట్టిన పిల్లవాడు, పిల్ల, పాఠశాల గడప దాటిన మరునాడు ఎచ్చటికి పోవలెననునదే ఆ విషయము. ప్రతి సంవత్సరము ఎండకాలమున పదవ తరగతి ఫలితములు వెలువడగనే సుల్తానాబాదు చుట్టుపట్ల గ్రామములలో ఇల్లిల్లును ఈ ప్రశ్ననే ఎదుర్కొనును. చేతిపని నేర్పు విద్యయా, కళాశాల చదువా? పదునైదేండ్ల ప్రాయమున చేయవలసిన నిర్ణయమిది. దీనిని చేయుటకు దొరకు గడువు కొలది వారములు. దీని ఫలితము అనుభవింపవలసిన కాలము నలుబది సంవత్సరములు.

ఒక ఇంటిని ఉదాహరణముగా ఊహించవచ్చును. అది ఏ ఒక్కరి ఇల్లును కాదు. అట్టి ఇండ్లు ఈ ప్రాంతమున పెక్కు కలవు. తండ్రికి కాలువ క్రింద రెండెకరముల పొలము. తల్లి నాట్లకు, కలుపులకు పోవును. కుమారుడు పదవ తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడైనాడు. వానికి చిన్ననాటి నుండి మోటారు విప్పి చూచుటయన్న ప్రీతి. బావి కాడి మోటారు కాలినపుడు తండ్రి వెంట వైండింగు దుకాణమునకు పోయి, మేస్త్రి చేయి కదలికలనే చూచుచు కూర్చుండును.

"బాపూ, నేను పెద్దపల్లిల ఐ.టి.ఐ.ల చేరుత. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంట" అని వాడనును.

తండ్రి ముఖము చిన్నబోవును. "గిన్ని మార్కులు తెచ్చుకొని స్తంభాలెక్కుతవా కొడుకా? నా బతుకు మట్టిలనే పాయె. నీ బతుకన్న కుర్చీల ఉండాలె" అని ఆయన మాట.

"జర వాడు చెప్పేది గూడ ఇనుండ్రి" అని తల్లి వంటింటి గడప నుండి పలుకును.

అంతలో మేనమామ వచ్చును. "ఎం.పి.సి.ల చేర్పియ్యి బావా. ఇంజనీరైతే మీ కష్టాలు తీర్తయి. పైసలు తక్కువైతె ఎకరం కుదువబెట్టు" అని సలహా చెప్పును. ఆ ఇంటనే తొమ్మిదవ తరగతి చదువు చెల్లెలొకతె కలదు. వచ్చు సంవత్సరము ఆమె వంతు. ఆమె ఏమి చదువగోరునో ఇంకను ఎవ్వరును అడుగలేదు.

ఈ మాటలలో ఏదియు తెలివితక్కువ మాట కాదు. కుమారునికి తన చేతి ఇష్టము తెలియును. తండ్రికి లోకము చేతిపనిని చూచు చూపు తెలియును. తల్లికి బిడ్డ మనస్సు తెలియును. మేనమామ పట్టణమున పెద్ద జీతములు చూచియున్నాడు. లేనిదల్లా ఒక్కటే. ఈ నలుగురి ముందును రెండు దారుల సంగతి పూర్తిగా విప్పి చెప్పినవారు లేరు. కావున నిర్ణయము విషయమును బట్టి కాక, గౌరవమును బట్టి జరుగును. ఏది పై మెట్టు, ఏది క్రింది మెట్టు అను తూకమే మిగులును.

ఈ తూకము ఎట్లు పుట్టినదో ముందు తెలిసికొనవలెను. పల్లెలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, సాలె పనులు గొప్ప నేర్పుతో కూడినవి. ఐనను వానిని ఎవ్వరును ఎన్నుకొని నేర్వలేదు, పుట్టుకతో సంక్రమించినవి. వ్రాయు చేయి పైన కూర్చుండెను. పని చేయు చేయి క్రింద నిలుచుండెను. కష్టజీవుల ఇండ్లకు బడి యనగా ఆ కట్టు నుండి బయటపడు ద్వారము. ఆ ద్వారము దాటిన కుమారుడు మరల పనిముట్టు పట్టుదుననగా తండ్రి గుండె కలుక్కుమనుట సహజము.

ఈ భేదమును తుడిచివేయుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. పెద్దపల్లి మీదుగా ఉత్తరమునకు పోవు రైలుదారి మంచిర్యాల, బల్హార్షా దాటి వార్ధా ప్రాంతమునకు చేరును. ఆ వార్ధాలో 1937 అక్టోబరు 22, 23 తేదీలలో గాంధీమహాత్ముని అధ్యక్షతన విద్యా మహాసభ జరిగెను. ఏదేని ఉత్పాదక వృత్తిని ఆధారముగా గొని సమస్త విద్యను బోధింపవలెననునది అచ్చటి తీర్మానములలో ముఖ్యమైనది. పాఠ్యక్రమమును తయారుచేసిన సంఘమునకు డాక్టరు జాకిర్ హుస్సేన్ అధ్యక్షులు. ఆయన హైదరాబాదులో జన్మించినవారు. 1967లో రాష్ట్రపతి యైనవారు. రాట్నము త్రిప్పుచు గణితము, నూలు చూచుచు భూగోళము నేర్పవచ్చునను ఆ భావన లోతైనది. కాని తల్లిదండ్రులు ఆ బడులను రెండవ తరగతి బడులుగనే చూచిరి.

1953లో మద్రాసు రాష్ట్రమున జరిగిన సంగతి మరింత బోధకరము. నాటి ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు ప్రాథమిక విద్యలో ఒక మార్పు ప్రవేశపెట్టిరి. పిల్లలు దినమునకు మూడు గంటలు బడిలో చదివి, మిగిలిన కాలము ఇంటి వృత్తిని నేర్వవలెననునది దాని సారము. బడులు చాలని కాలమున ఎక్కువమందికి చదువు చెప్పుట దాని ఉద్దేశ్యముగా చెప్పబడెను. ప్రజలు దానిని కులవృత్తి విద్య యని పిలిచి తీవ్రముగా ఎదిరించిరి. 1954లో ఆయన పదవి వీడిరి. పిమ్మట కామరాజుగారి ప్రభుత్వము ఆ పథకమును రద్దు చేసెను.

ఈ చరిత్ర నుండి గ్రహింపవలసినది స్పష్టము. చేతిపనిని ఎన్నుకొనుట వేరు. చేతిపనికి కట్టుబడుట వేరు. పేదవాని బిడ్డకు మాత్రమే వృత్తివిద్యను ఉపదేశించి, కలవాని బిడ్డను కళాశాలకు పంపు సమాజమున వృత్తివిద్యకు గౌరవము రాదు, రాకూడదు కూడ. తండ్రి భయమునకు ఇదియే మూలము. ఆ భయమును అజ్ఞానమని త్రోసిపుచ్చరాదు.

సంఘములు వచ్చుచునే యున్నవి. 1952-53 నాటి మొదలియారు సంఘము బహుళార్థ సాధక పాఠశాలలను సూచించెను. 1964-66 నాటి కొఠారి సంఘము విద్యలో పని అనుభవము భాగము కావలెననెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము పదవ తరగతి మీది విద్యార్థులలో 1990 నాటికి 10 శాతమును, 1995 నాటికి 25 శాతమును వృత్తివిద్య వైపు మళ్ళింపదలచెను. ఆ గమ్యము చేరబడలేదు. 2020 నాటి విద్యావిధాన పత్రము పండ్రెండవ పంచవర్ష ప్రణాళిక అంచనాను ఉదహరించినది. దాని ప్రకారము 19 నుండి 24 ఏండ్ల ప్రాయపు శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తివిద్య పొందినవారు మన దేశమున 5 శాతమునకు లోపు. జర్మనీలో 75 శాతము. దక్షిణ కొరియాలో 96 శాతము. గడువులు మారినవి; తండ్రి మనస్సులోని తూకము మారలేదు.

ఐతే ఆ తూకము ఇప్పటి పనుల స్వభావమునకు సరిపోవునా? సుల్తానాబాదు బియ్యపు మిల్లులకు పేరుగన్నది. 1963లో జవహర్లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు నీరు కాలువల ద్వారా వచ్చిన పిమ్మట ఈ సీమలో వరి విస్తరించెను. వరి వెంట మిల్లులు వచ్చెను. ఉప్పుడు బియ్యము చేయు మిల్లు లోపలికి పోయి చూచినచో ఏమి కనబడును? ధాన్యమును జల్లించు యంత్రము, నానబెట్టు తొట్లు, ఆవిరి బాయిలరు, ఆరబెట్టు యంత్రము, ఊకను వేరుచేయు రబ్బరు రోలర్లు, తవుడు తీయు పాలిషరు, కడపట రంగు మారిన గింజలను ఏరు సార్టెక్సు యంత్రము. ఈ కడపటి యంత్రము జారుచున్న గింజలను కెమెరాలతో చూచి, పనికిరాని గింజను గాలి ఊపుతో ప్రక్కకు నెట్టును. బాయిలరును యోగ్యతా పత్రము లేనివాడు నడుపరాదని నిబంధన కలదు. ఆవిరి ఒత్తిడి హద్దు మీరినచో అది ప్రాణాంతకము గనుక. సార్టెక్సు ఆగినచో దానిని సరిచేయువానికి విద్యుత్తు తెలియవలెను, గాలి ఒత్తిడి తెలియవలెను, కంప్యూటరు తెలియవలెను, బియ్యము కూడ తెలియవలెను. ఇట్టివానిని చేతిపనివాడనవలెనా, చదువరి యనవలెనా? ఆ యంత్రము ముందు ఈ భేదమునకే అర్థము లేదు.

మిల్లు నుండి బొగ్గుగనికి పోయినచో ఇదియే మరింత స్పష్టపడును. గోదావరిఖని ప్రాంతమున సింగరేణి భూగర్భగనిలో అధికారమును నిర్ణయించునది కేవలము విశ్వవిద్యాలయపు పట్టము కాదు. మైనింగ్ సర్దారు, ఓవర్‌మన్, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు అని యోగ్యతా పత్రముల మెట్లు కలవు. వీనిని ఇచ్చునది ధన్‌బాద్ ప్రధాన కేంద్రముగా గల గనుల భద్రతా శాఖ. సర్దారు కాగోరువాడు గనిలో నిర్ణీతకాలము పనిచేసి యుండవలెను. ప్రథమ చికిత్స తెలియవలెను. విషవాయువును పరీక్షించు విద్యలో ఉత్తీర్ణుడు కావలెను. పని మొదలగుటకు ముందు ఆతడే పనిచోటికి పోయి, వాయువును పరీక్షించి, కప్పును తట్టి, ధ్వనిని బట్టి బండ గట్టిదో వదులుదో గ్రహించును. ఆతడు సరియన్న తరువాతనే తక్కినవారు లోపల అడుగిడుదురు. గని ఇంజనీరింగులో డిప్లొమా గాని, పట్టము గాని ఉన్నవారికి ఈ మెట్లెక్కుటకు వలయు అనుభవకాలము తగ్గును. కాని పట్టము ఎంత గొప్పదైనను, గని అనుభవము లేనిదే, యోగ్యతా పరీక్ష నెగ్గనిదే మేనేజరు బాధ్యత లభింపదు. అట్లే పరీక్షకు చదువనిదే అనుభవము ఒక్కటియే పై మెట్టు నెక్కింపదు. చదువు, చేతి అనుభవము అను రెండు దారులు భూమి అడుగున ఒకటియైనవి. భూమి మీదనే అవి ఇంకను విడివిడిగా ఉన్నవి.

ఇక దారుల సంగతి. పదవ తరగతి పిమ్మట ప్రధానముగా నాలుగు ద్వారములు కలవు. మొదటిది ఐ.టి.ఐ. ఇది 1950లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన శిల్పకార శిక్షణ పథకము క్రింద నడచునది. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ శిక్షణలు రెండేండ్లు. వెల్డరు శిక్షణ ఒక యేడు. అంతమున అఖిల భారత పరీక్ష, జాతీయ వృత్తి పత్రము. దాని మీద 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద ఒక కర్మాగారమున భృతి పొందుచు పని నేర్చినచో మరియొక జాతీయ పత్రము లభించును. ఈ రెండు పత్రములును చేతనున్నవాడే నిజమైన శిక్షితుడు. మొదటిది మాత్రమే సంపాదించి ఇంటికి వచ్చినవాడు సగము దారిలో ఆగినవాడు.

రెండవది పాలిటెక్నిక్. పాలిసెట్ అను ప్రవేశ పరీక్ష వ్రాసి చేరవలెను. సామాన్యముగా మూడేండ్ల డిప్లొమా. ఇందు గణితము, సిద్ధాంతము ఐ.టి.ఐ.లో కంటె ఎక్కువ. కార్యశాల పనియు కలదు. డిప్లొమా ముగిసిన పిమ్మట ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగ చేరవచ్చును. మూడవది వృత్తివిద్యా ఇంటర్మీడియెట్. ఇది రెండేండ్లు. బ్రిడ్జి కోర్సు పరీక్షలు అదనముగా నెగ్గినచో సాధారణ ఇంటర్మీడియెట్ వారికి గల పై చదువుల ద్వారములు వీరికిని తెరచుకొనును. నాలుగవది సాధారణ ఇంటర్మీడియెట్. వైద్యము, న్యాయము, ఉపాధ్యాయ వృత్తి, పరిశోధన, పరిపాలన మొదలగు వానికి రాజమార్గము అదియే. ఇవి గాక 2008లో ఏర్పడిన బాసర రాజీవ్‌గాంధీ విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులతోనే గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనుచున్నది.

ఐ.టి.ఐ.లో చేరినవానికి జీవితాంతము అదియే గతి యని పలువురు తలంతురు. అది పొరపాటు. రెండేండ్ల శిక్షణ ముగించినవారు అనుసంధాన శిక్షణ పొంది, ప్రవేశ పరీక్ష వ్రాసి, పాలిటెక్నిక్ రెండవ సంవత్సరమున చేరు మార్గము కలదు. అచ్చటి నుండి ఇంజనీరింగునకు దారి కలదని చెప్పబడెను గదా! పొడుగైన దారియే, కాని మూసిన దారి కాదు. జర్మనీలో వృత్తివిద్యకు గల గౌరవమునకు ఇట్టి ద్వారములును ఒక కారణము. అచ్చటి శిక్షార్థి వారమున మూడు నాలుగు దినములు పనిచోట, ఒకటి రెండు దినములు వృత్తి పాఠశాలలో గడుపును. పనిలో ఆరితేరి మైస్టరు పరీక్ష నెగ్గినవానికి 2009 నుండి విశ్వవిద్యాలయ ద్వారములు కూడ తెరువబడినవి. మరల లోపలికి వచ్చుటకు తలుపు తెరచియుండునని తెలిసినపుడు బయటికి పోవుటకు భయముండదు.

రెండు దారులలోను గోతులు కలవు. వానిని దాచుట మేలు కాదు. కళాశాల దారిలో మొదటి గొయ్యి అప్పు. బోధన రుసుమును ప్రభుత్వము తిరిగి చెల్లించు పథకము ఉన్నను, వసతి, భోజనము, శిక్షణ కేంద్రముల రుసుములు ఇంటి మీదనే పడును. ఎకరము కుదువబెట్టి ఇంజనీరింగులో చేర్చిన కుమారుడు రెండు సబ్జెక్టులు మిగిల్చుకొని ఇంటికి వచ్చినచో ఏమగును? ఆ చదువు పట్టము కాదు, పనియు కాదు. పొలము దున్నుటకు సిగ్గు, పట్టణమున ఉద్యోగమునకు అర్హత లేమి. అట్టి యువకుని మౌనము ఆ ఇంటి గోడలకు తెలియును.

వృత్తివిద్య దారిలో మొదటి గొయ్యి కార్యశాల లేని పత్రము. యంత్రములు మూలపడిన చోట, బోధించువాడు లేని చోట ఇచ్చిన పత్రము కాగితమే. తెలంగాణ ప్రభుత్వము 2024లో 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను ఆధునిక యంత్రములతో ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చు కార్యమునకు పూనుకొన్నది. అది సంతోషింపదగినదే. ఐనను చేరబోవు చోటికి ఈ మార్పు వచ్చినదో లేదో కన్నులార చూచుకొనవలసినది చేరువారే. రెండవ గొయ్యి ఒకే కర్మాగారమును నమ్ముట. రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ఆరంభించి 1999లో మూతపడెను. ఆ స్థలమున కొత్త కర్మాగారము ఉత్పత్తి మొదలిడుటకు 2021 రావలసి వచ్చెను. కాగజ్‌నగరులోని సిర్పూరు కాగితపు మిల్లు 2014లో ఆగి, 2018లో గాని తిరుగలేదు. ఆ నడుమ కాలమున ఏ ఒక్క యంత్రపు మీటలనో మాత్రమే ఎరిగినవాడు నిలువ నీడ లేనివాడగును. యంత్రము వెనుక గల సూత్రమును ఎరిగినవాడు మరియొక చోట పనికి కుదురును. కావున చేతిపని నేర్చువానికి పుస్తకము ఇతరుల కంటె ఎక్కువ అవసరము.

కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు గల్ఫు దేశములు దూరము కావు. పదవ తరగతి దాటనివాని పాసుపోర్టు మీద వలస అనుమతి తనిఖీ ముద్ర పడునని ఆ ఇండ్లవారికి తెలియును. పని చేతనైయుండియు పత్రము లేనివాడు అచ్చట సహాయకుడుగా చేరి తక్కువ కూలికి పనిచేయును. అదే పనికి పరీక్ష ఇచ్చి, పత్రము చూపినవాడు ఎలక్ట్రీషియనుగా, వెల్డరుగా చేరును. ఎండ ఇద్దరికిని ఒకటియే. ఇంటికి పంపు పైకము ఒకటి కాదు. వృత్తి పత్రమును చులకన చేయువారు ఈ భేదమును వలస పోయి వచ్చినవారిని అడిగి తెలిసికొనవలెను.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా తలపవలసినది. వృత్తివిద్య యనగనే వారికి కుట్టుపని చూపుట అలవాటు. కుట్టుపని మంచిదే, కాని అది ఒక్కటియే వారి పని యనుట మరియొక విధమగు కట్టు. ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు, వైద్య ప్రయోగశాల, వ్యవసాయ డిప్లొమా, ఏదియు వారికి దూరము కాదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనికి అనుమతింపలేదు. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ పనులకు ఆ నిషేధమును సడలించెను. గని తలుపే తెరచుకొన్నపుడు ఇంటి తలుపు మూసియుండుట తగదు. ముందు చెప్పిన ఇంటిలోని చెల్లెలిని కూడ ఆమె కోరిక ఏమియో ఇప్పుడే అడుగవలెను. వచ్చు సంవత్సరము ఫలితముల నాడు కాదు.

ఇంతకును ఎన్నిక ఎట్లు చేయవలెను? నాలుగు ప్రశ్నలు ఉపకరించును. మొదటిది: తప్పిపోయినను ఏ పనిని పిల్లవాడు తనంతట తాను మరల పట్టుకొనును? మార్కులు కంఠస్థము చేసిన శక్తిని చూపవచ్చును. మరల మరల పట్టుకొనుట ప్రీతిని చూపును. రెండవది: చేరబోవు చోట నిజముగా నేర్పునదేమి? యంత్రములెన్ని, బోధకులెందరు, పోయిన సంవత్సరము ముగించినవారు ఇప్పుడెచ్చట నున్నారు? మూడవది: ఈ దారిలో పోయిన పిమ్మట మరియొక దారికి మరలు ద్వారమెచ్చట కలదు? నాలుగవది: నడుమ తప్పినచో చేత మిగులునదేమి, ఇంటికి మిగులునదేమి? ఈ నాలుగింటికి జవాబు లేని కళాశాలయైనను, ఐ.టి.ఐ.యైనను ఒకటియే.

ఈ ప్రశ్నలు చేతిపని పక్షమున మాత్రమే తీర్పు చెప్పవు. చరిత్రమునందు గాని, న్యాయశాస్త్రమునందు గాని మనస్సు నిలిచిన పేదవాని బిడ్డ ఉండవచ్చును. ఆ బిడ్డను చూచి, "నీ ఇంటికి త్వరగా సంపాదన కావలెను, పనిముట్టు పట్టుము" అనుట 1953 నాటి పొరపాటును మరల చేయుటయే. అట్టి బిడ్డకు పుస్తకము, విద్యార్థి వేతనము, వసతిగృహము చూపి నిలబెట్టుట ఊరి ధర్మము. చేతికి ఇష్టమైన పని చేతికిని, చదువునకు ఇష్టమైన మనస్సు చదువునకును చెందవలెను. ఏ ఇంట పుట్టినారను దానిని బట్టి ఈ పంపకము జరుగరాదు.

ఇక మొదటి ఇంటికి మరలవచ్చును. తండ్రి, కుమారుడు ఒక దినము కలిసి పెద్దపల్లికి పోయి ఐ.టి.ఐ. కార్యశాలను చూతురనుకొనవచ్చును. అచ్చట గోడ మీద విద్యుత్ పటములు, బల్ల మీద కొలత పరికరములు తండ్రి కంటబడును. స్తంభమెక్కుట ఆ విద్యలో ఒక చిన్న భాగమని, లెక్క రానివాడు ఆ విద్యలో నిలువజాలడని ఆయనకు తెలియును. మరియొక దినము ఒక కళాశాలను, ఒక పాలిటెక్నిక్‌ను చూచిరనుకొనవచ్చును. మోటారును ప్రేమించు కుమారునికిని, కుర్చీని కోరు తండ్రికిని పాలిటెక్నిక్ నడుమ దారి కావచ్చును. అందు స్థానము రానిచో ఐ.టి.ఐ. నుండి అచ్చటికే పోవు దారి కలదు. కుమారుడు గణితముననే దిట్టయై తానే ఇంటర్మీడియెట్ కోరినను కోరవచ్చును. ఏది నిశ్చయించినను ఆ నిశ్చయము చూచి చేసినది కావలెను. విని చేసినది కారాదు. ఎకరము కుదువ పడకముందే ఆ రెండు దినముల ప్రయాణము జరుగవలెను. దాని ఖర్చు బస్సు చార్జీలు మాత్రమే.

ఇందు గ్రంథాలయమునకు పని కలదా? కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు తెలుగు చదువుటకు చోటు లేని కాలము. ఆనాటి గ్రంథాలయములు ఆ లోటు తీర్చినవి. ఈనాటి లోటు వేరు. సమాచారము లేక కాదు, నమ్మదగిన సమాచారము లేక ఇండ్లు దారి తప్పుచున్నవి. ప్రవేశ పరీక్షల తేదీలు, అర్హతలు, విద్యార్థి వేతనములు వ్రాసిన నల్లబల్ల ఒకటి గ్రంథాలయపు వాకిట ఉండవచ్చును. వైండింగు, వెల్డింగు, బాయిలరు, వ్యవసాయ యంత్రములను గూర్చిన తెలుగు పుస్తకములకు నవలల ప్రక్కనే ఒక అర కేటాయింపవచ్చును. ఫలితములు వచ్చిన వారమున ఒక సాయంకాలము విశ్రాంతి పొందిన గని ఓవర్‌మన్‌ను, మిల్లు మెకానిక్కును, ఉపాధ్యాయుని ఒకే బల్ల చుట్టు కూర్చుండబెట్టి తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబులు చెప్పింపవచ్చును. ఊరి నుండి ఏ దారిలో ఎవరు పోయినారో, ఏమి నేర్చినారో వారి అనుమతితో ఒక పుస్తకమున వ్రాసియుంచినచో వెనుకవచ్చు పిల్లలకు అంతకు మించిన మార్గదర్శి లేదు.

రజతోత్సవము గడచిన కాలమునకు గుర్తు. స్వర్ణోత్సవము రాబోవు కాలమునకు పరీక్ష. ఇంక 25 ఏండ్లకు ఇదే సభలో నేటి పదునైదేండ్ల పిల్లలు నలుబదియేండ్ల వారై కూర్చుందురు. వారిలో కొందరి చేతులకు నూనె మరక ఉండవచ్చును. కొందరి చేతులకు సిరా మరక ఉండవచ్చును. ఇద్దరును ఒకే వరుసలో, సమాన గౌరవముతో కూర్చుండునట్టి ఊరు కావలెను. పిల్లల మాట పెద్దలు విని, పెద్దల భయము పిల్లలు గ్రహించి, ఇద్దరును కలిసి చూచి నడచిన నాడు అట్టి ఊరు ఏర్పడగలదు. ఈ గ్రంథాలయము ఆ చూపునకు దీపమై వెలుగొందుగాక!

స్వస్తి.